పెదపాడు చెరువు గట్టున సోడాబుడ్ల ఆక్సిజన్ పాట

గీక్ రాక్ అనే సంగీతం ఒకటుందంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. క్లాసులో మొదటి బెంచీలో కూర్చుని మాస్టారిని ఎదురు ప్రశ్నలతో విసిగించి, ఆటల పీరియడులో మాత్రం ఏ జట్టులోకీ పిలుపు రాని పిల్లలు పెద్దయ్యాక గిటార్ పడితే వచ్చే సంగీతం అది. కాలేజీ రోజుల నుంచి నాకదే పిచ్చి. ఒక దశాబ్దంలో వింత యూనిఫాంలు తొడుక్కుని సింథసైజర్ల ముందు మరమనుషుల్లా నిలబడ్డారు. తర్వాత వచ్చినవాళ్ళు అకార్డియన్ పట్టుకుని సైన్సు పాఠాలే పాటలు కట్టారు. ఆ వెనక తరం స్వెట్టర్లూ, మందపాటి కళ్ళద్దాలూ పెట్టుకుని, చెప్పుకోలేని ప్రేమల్ని కామిక్ పుస్తకాల కబుర్లలో దాచుకుంది. పాత వీడియో గేముల కూతలతో ఆల్బములు చేసినవాళ్ళూ ఉన్నారు. అన్నీ విన్నాను, అన్నీ పరాయి భాషలోనే విన్నాను. వేళాకోళం మాటున వాళ్ళు నిజంగా ఏదో చెప్తున్నారా, లేక అంతా వేళాకోళమేనా అన్నది మాత్రం నాకెప్పుడూ తేలలేదు.

రెండు నెలల క్రితం ఈ బ్లాగు చదివే ఒకాయన నిమిషం కూడా లేని ఆడియో ముక్క పంపారు. కీబోర్డు, డ్రమ్స్, వాటి మీద ఒక స్త్రీ గొంతు: "ఎండ రాలేదు, నాచు వండలేదు, నీటిలో గాలి చాలలేదు, తప్పు నీది కాదు నాన్నా, తప్పు నీది కాదు." చేపల చెరువులో ఆక్సిజన్ ఎందుకు తగ్గుతుందో చెప్పే పాట, అదీ తెలుగులో! పాడింది 'సోడాబుడ్లు' అనే బ్యాండ్. ముప్పై ఏళ్ళ నాడు ఏలూరులో బీఎస్సీ చదువుతూ మొదలుపెట్టిన ముగ్గురు. ఫోన్ నంబరు సంపాదించి చేస్తే బాస్ గిటార్ వాయించే శ్రీను గారు ఎత్తారు. "వచ్చేదుంటే ఈ శనివారమే వచ్చేయండి. ఆ తర్వాత మా పాటలు పాడే ఎస్తేరు మేడానికి గొంతు ఆపరేషనండి. మళ్ళీ ఆ గొంతు వస్తుందో రాదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. ఆ ఒక్క పాటైనా పూర్తిగా రికార్డు చేద్దామని మా తాపత్రయం." ఆ మాట విన్నాక ఇంకేం ఆలోచిస్తాను.

శుక్రవారం రాత్రి సికింద్రాబాద్‌లో రైలెక్కాను. స్లీపర్ టికెట్ నాలుగొందల లోపే. నిజానికి ముందొచ్చే ఏలూరులోనే దిగిపోవచ్చు. కానీ సామాన్లన్నీ శ్రీను గారి బండిలో తాడేపల్లిగూడెం నుంచి వస్తున్నాయి. దారి పొడుగునా బ్యాండ్ కథ వినవచ్చని ఆశపడి ముందుకెళ్ళి అక్కడే దిగాను. ఇంకా ఆరు కాలేదు. మూడు రోజులుగా ముసురట, ఆకాశం బూడిద పూసుకున్నట్టుంది. శ్రీను గారిది మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణం. యాభై దాటిన మనిషి, సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఉల్లిపాయల మార్కెట్ దగ్గర పాక హోటల్లో పెసరట్టు ఉప్మా పెట్టించారు. డబ్బులు ఇవ్వబోతే హోటలాయన పుచ్చుకోలేదు. "శ్రీను గారి చుట్టాలంటే మాకూ చుట్టాలేనండి. అల్లం పచ్చడి ఇంకాస్త వేయించుకోండి, మొహమాటపడకండి."

చిన్న ట్రాలీ వెనక స్పీకర్లు, డ్రమ్ముల సెట్టు, జనరేటరు, చుట్టచుట్టిన పాత ఏలూరు తివాచీ. గట్టు మీద డ్రమ్ములు జారకుండా కింద పరుస్తారట. హైవే మీద ఏలూరుకి గంటంబావు పట్టింది. రికార్డు చేసే చోటు పెదపాడు అవతల, డ్రమ్మర్ నాగరాజు గారి చెరువు. దారిలో శ్రీను గారు చెప్పిన కబుర్లకి లెక్కలేదు. వాళ్ళకి సాధన చేసుకోవడానికి కీబోర్డు ఉన్న చోటు ఎస్తేరు గారి చర్చి హాలొక్కటేనట. సంఘ పెద్ద ఒకే షరతు పెట్టాడట, ఏం వాయించుకున్నా చివర్లో ప్రార్థన చేసి లేవాలని. "ఫిజిక్సులో ఓమ్ సూత్రం మీద పాట పాడి ఆమెన్ అనేవాళ్ళమండి. నాగరాజు వాళ్ళ ఇంట్లో వినాయకుడి పందిట్లో డప్పు కొట్టినా చివర్లో నోరు జారి ఆమెన్ అనేసేవాడండి. వాళ్ళమ్మ గారు ఓ వారం మాట్లాడలేదు."

"పాటల్లో సైన్సు నిజంగా సరిగ్గా ఉంటుందాండీ?" అని కాస్త ఉడికిద్దామని అడిగాను.

ఆయన బండి వేగం తగ్గించి మరీ చెప్పారు. "అదే మా పంతమండి. చంద్రుడి మీద ఓ పాట ఉండేది, జనం ఈలలేసేవారు. అందులో ఒక్క అంకె తప్పని తేలింది. తాళానికి సరిపడే సరైన అంకె దొరకలేదు. ఎస్తేరు ఆ పాటనే పారేసింది. మళ్ళీ పాడలేదండి."

ఏలూరులో ఎస్తేరు మేడం ఇంటి ముందు ఆగేసరికి ఆవిడ కీబోర్డుని ప్లాస్టిక్ పట్టాలో చుట్టి సిద్ధంగా ఉన్నారు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తారు. పాతికేళ్ళకు పైగా వందమంది పిల్లల సెక్షన్లలో మైకు లేకుండా అరిచి చెప్పిన పాఠాలే గొంతులో బుడిపెగా మారాయని డాక్టరు అన్నారట. గుసగుసలాగా మాట్లాడుతున్నారు. "మాటలు పొదుపు చేస్తున్నానండి, ఏమనుకోకండి. అన్నీ పాటకే." కీబోర్డు చర్చిదే. పక్కనే నిలబడ్డ సంఘ పెద్ద, "రేపు ఆరాధన ఉందమ్మా, తడవనీయకు," అని రెండుసార్లు చెప్పి పంపారు.

పెదపాడు దాటాక రోడ్డు సన్నబడింది. వరి చేలు వెనక్కి పోయి రెండు వైపులా చెరువులే. కొల్లేరు వైపు నుంచి చల్లటి గాలి. నీళ్ళలో వరసగా గడలు పాతి ఉన్నాయి. మామూలుగా తవుడూ, నూనె తీసిన చెక్కా నింపి, చిల్లులు పెట్టిన సంచుల్ని ఆ గడలకు కడతారు. చేపలొచ్చి పొడుచుకు తింటాయి. ఆ రోజు గడలన్నీ ఖాళీగా ఉన్నాయి, సంచులు గట్టున కుప్పగా పడున్నాయి. ఎందుకని అడిగాను. "మబ్బు కదండీ," అన్నారు శ్రీను గారు. "మబ్బు పట్టిన రోజు మేత కట్టరండి. తిన్నది అరగాలన్నా గాలి కావాలి, మిగిలిన మేత కుళ్ళినా గాలి తినేస్తుంది. అసలే ఎండ లేక నీళ్ళలో గాలి లేదు."

"మరి మీ పాటలో మేత సంగతి లేదేంటండీ? పూర్తి సాహిత్యం పంపారు కదా, అందులో ఎక్కడా కనిపించలేదు."

ఆయన పక్కన కూర్చున్న మేడం కేసి ఓరగా చూశారు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "దారి బాలేదండి, గట్టిగా పట్టుకోండి," అన్నారు శ్రీను గారు. దారి బాగానే ఉంది.

చెరువు దగ్గరికి చేరేసరికి పది. పాటకి సిద్ధంగా ఉంటారనుకున్న నాగరాజు గారు మోకాళ్ళ దాకా తడిసి గట్టు మీద పరిగెడుతున్నారు. నీళ్ళకేసి చూశాను. చెరువంతా చేపల నోళ్ళే. వేల నోళ్ళు పైకి తేలి, తెరుస్తూ మూస్తూ గాలి కోసం తన్నుకుంటున్నాయి. తెల్లవారుజామున కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయట. సొంత ఇంజను పొద్దున్నే మొరాయించింది. అద్దె ఇంజను కోసం మనిషి వెళ్ళాడు, ఇంకా రాలేదు. ఏడాది పంట ఆ నోళ్ళ మీద ఉంది. నాగరాజు గారి నాన్న వెంకన్న గారు గట్టున గొడుగు కింద కుర్చీలో కూర్చుని నీళ్ళనే చూస్తున్నారు.

నాగరాజు గారు మా బండిలోని జనరేటరును చూశారు, చూపు తిప్పుకున్నారు. అడగలేదు. అది పాట కోసం వచ్చిందని ఆయనకు తెలుసు, ఆ పాట మళ్ళీ రాదనీ తెలుసు. మేడమే బండి దిగి, పొదుపు చేసుకుంటున్న గొంతుని ఖర్చుపెట్టి అరిచారు. "ఏంటి నాగరాజూ చూస్తావు? దింపించు! ఏరేటర్లకి తగిలించు!" చివరి మాటకి గొంతు చీలిపోయింది.

రెండు ఏరేటర్లు తిరిగాయి. చక్రాలు నీళ్ళని ఎగజిమ్ముతుంటే చేపలు మెల్లగా వాటి చుట్టూ చేరాయి. ఇంక స్పీకర్లకి కరెంటు లేదు, కీబోర్డు పట్టా కూడా విప్పలేదు. జనరేటరు మోతా, చక్రాల దడదడా కలిసి మనిషి మాటే వినపడటం లేదు. పైగా మేడం గొంతులోంచి గాలి తప్ప స్వరం రావడం లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత దూరం వచ్చి పాట పోయిందే అన్న స్వార్థం కూడా అందులో ఉంది, దాచుకోవడం ఎందుకు.

గంట గడిచాక నోళ్ళు పలచబడ్డాయి. అప్పుడు నాగరాజు గారు ఎవరూ చెప్పకుండానే తివాచీ పరిచి, ఒక్క డ్రమ్ము ముందు పెట్టుకుని, ఏరేటర్ చక్రం దెబ్బకి సరిగ్గా దెబ్బ కలిపారు. మేడం నవ్వి, మేత సంచులు కట్టే ఆడామగా పనివాళ్ళని దగ్గరికి పిలిచారు. మేడం వాళ్ళ నాన్న పల్లెటూరి చర్చిలో పాటలు చెప్పేవారట. చదువురాని సంఘంలో పెద్ద ఒక్కో వరసా పలికి అందిస్తే, అందరూ అందుకుని పాడేవారు. మేడం అదే చేశారు. చెవి దగ్గర గుసగుసలాగా ఒక వరస పలికితే, శ్రీను గారు దాన్ని గట్టిగా అందించారు, గట్టంతా ఎత్తుకుంది. "రాత్రంతా నాచు కూడా ఊపిరి పీల్చింది, తెల్లారేసరికి లీటరుకి ఒక్క మిల్లీగ్రామే మిగిలింది." మిల్లీగ్రామనే మాట అందరూ కలిసి రాగం తీయడం నేనింకెక్కడా వినలేదు. ఫోన్ పట్టుకుని రికార్డు చేస్తూ నేనూ పాడాను. "తప్పు నీది కాదు నాన్నా" అన్నది నాలుగుసార్లు తిరిగింది. చివరి దెబ్బ పడగానే నాగరాజు గారు అలవాటుగా "ఆమెన్" అనేశారు. అదీ పాటలో వరసే అనుకుని గట్టంతా "ఆమెన్" అంది.

నవ్వులు ఆగాక వెంకన్న గారు కుర్చీలోంచి పిలిచారు. అప్పుడు శ్రీను గారు చెప్తే తెలిసింది నాకు, ఈ పాట ఆయన మీద కట్టిందేనని. వీళ్ళు డిగ్రీలో ఉండగా ఇలాంటి ముసురులోనే ఆ చెరువు పంట మొత్తం ఒక్క రాత్రిలో పోయింది. ఆయన నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడలేదట. ఏమని ఓదార్చాలో ఆ ముగ్గురికీ తెలియలేదు. తెలిసిందల్లా కారణం చెప్పడమే, దాన్నే పాట కట్టారు. సిగ్గుపడి ఆయన ముందు ఒక్కసారీ పాడలేదు.

"పాట బాగుందమ్మా," అన్నారు వెంకన్న గారు. "కానీ ఓ తప్పుంది. ఆ సాయంత్రం మబ్బులో కూడా నేను మేత కట్టానమ్మా. కట్టకూడదని తెలిసే కట్టాను, నాలుగు రోజుల్లో పట్టుబడి కదా, చేపలు పట్టి అమ్మేటప్పటికి బరువొస్తాయని. అది మీకు తెలీదు."

మేడం ఆయన కుర్చీ పక్కన గట్టు మీదే కూర్చున్నారు. గుసగుసగానే చెప్పినా, వెనకే నిలబడ్డ నాకు ఆ చప్పుడులోనూ వినపడింది. "తెలుసు బాబాయి గారూ. మర్నాడు గడలకి సంచులు చూశాం కదండీ. కావాలనే వదిలేశాం."

 ఆయన ఆవిడ తల మీద చెయ్యి వేసి, "భోజనానికి లేవండమ్మా, వేళ దాటిపోతోంది," అన్నారు. బొచ్చె చేప పులుసుతో అన్నం తిన్నాం. కొన్ని చేపలు పోయాయి, చెరువు నిలబడింది. కీబోర్డు తడవకుండా ఏలూరు చేరింది, నేను సాయంత్రం రైలెక్కాను.

ఒక అంకె కోసం పాటనే పారేసిన మనుషులు, ఒక మనిషి కోసం ఒక నిజాన్ని ముప్పై ఏళ్ళు పాటలోకి రానివ్వలేదు. గీక్ రాక్ వేళాకోళమా కాదా అన్న నా పాత అనుమానం ఆ గట్టు మీదే తీరిపోయింది. ఆపరేషన్ అయింది, మాట్లాడటానికి ఇంకా అనుమతి లేదట. రికార్డింగులో ఏరేటర్ మోత తగ్గించి శుభ్రం చేస్తానని శ్రీను గారంటే, మేడం ఫోన్లో రాసి పంపారు: "ఆ చప్పుడు తీయకండి. ఆ రోజు పాడింది అదే."

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. పెదపాడు వైపు చెరువులు చూడటానికి ఏలూరు పాత బస్టాండు దగ్గర ఆటో మాట్లాడుకోండి, పొద్దున్నే బయల్దేరండి. మబ్బు పట్టిన రోజైతే మాత్రం గట్టు మీదికి వెళ్ళగానే ఫోటోలు తీయకండి, పాటలు అడగకండి. ముందు కరెంటుందా అని అడగండి.