శనివారం గోలీ

నా చిన్నప్పుడు శనివారం వచ్చిందంటే మా ఇంట్లో అందరికీ భయం పట్టుకునేది. ఆ రోజు కాస్త పొద్దెక్కేసరికి మా నాయనమ్మ ఒళ్లంతా చెమటలు పట్టి పడిపోయేది. బెల్లం నీళ్లు తాగిస్తే తేరుకునేది. ఆమెకు అప్పుడే కొత్తగా షుగరు బయటపడింది. తార్నాకలో చిన్న దవాఖాన నడిపే డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు వాడుతోంది.

అవి అరవై తొమ్మిది ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు. మేం యూనివర్సిటీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. అక్కడే చదువుకునే మా చిన్నాయన పొద్దంతా ఊరేగింపుల్లో అరిచి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చేవాడు. డాక్టరమ్మది గుంటూరు వైపు. నాయనమ్మ మళ్లీ పడిపోయిన శనివారం ఆయన కోపం పట్టలేకపోయాడు.

"ఆంధ్రోళ్ల గోలీలు మనకెందుకు? రేపటి సంది బంద్!" అన్నాడు.

గోలీలు ఆపితే నాయనమ్మ ఏమైపోతుందోనని నాకు ఏడుపొచ్చింది. ఉద్యమం వల్ల బస్సులూ రిక్షాలూ తిరగకపోతే అమ్మ నడిచి వెళ్లి డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చింది. చిన్నాయన ఆమె ముఖం మీదే ఆ మాట మళ్లీ అన్నాడు.

ఆమె ముఖం చిన్నబోయింది. అయినా మాతోపాటు చాప మీద కూర్చుంది. "గోలీ ఇచ్చింది నేను, ఇంట్లో చూసేది మీరు. శనివారం ఈవిడ లేచిన దగ్గర్నుంచీ ఏం చేస్తారో చెప్పండి బాబూ" అంది.

"శనివారం మా అమ్మ ఒక్కపొద్దు. మాపటి దాక ఏం ముట్టది. గోలీ మాత్రం పొద్దుగాలనే ఏసుకుంటది..." అంటూ చిన్నాయన మధ్యలోనే ఆగిపోయాడు.

"తప్పు నాది. ఏమీ తినకుండా ఈ గోలీ వేసుకుంటే షుగరు మరీ పడిపోతుంది. ముందే అడగాల్సింది" అంది డాక్టరమ్మ. అంత చదువుకున్న మనిషి నోట ఆ మాట వినడం నాకదే మొదలు. తర్వాత నాయనమ్మ వైపు తిరిగి, "ఒక్కపొద్దు మానమని చెప్పను మామ్మగారూ. ఏం చేద్దామో మీరే చెప్పండి" అంది.

"దేవుణ్ణి ఇడువ బిడ్డా. గోలీనే తిండి పూటకు జరుపు" అంది నాయనమ్మ.

డాక్టరమ్మ సరేనంది. ఆ సాయంత్రం ఆమెను తార్నాక దాకా దిగబెట్టి వచ్చింది మా చిన్నాయనే. మరుసటి శనివారం నాయనమ్మ పడిపోలేదు.

ఆ తర్వాత దవాఖానలో పద్ధతి మారింది. రోగితోపాటు ఇంటివాళ్లనూ లోపలికి పిలిచి, ఎప్పుడు తింటారో, ఎప్పుడు పస్తుంటారో అడిగాకే డాక్టరమ్మ మందు రాసేది. ఏమేం అడగాలో తేల్చడానికి నాయనమ్మనూ మరికొందరు రోగులనూ కూర్చోబెట్టుకుంది. రంజాను నెల సంగతి గుర్తుచేసింది మా నాయనమ్మే.

ఇప్పుడు నాకూ షుగరుంది, శనివారం ఒక్కపొద్దూ ఉంది. డాక్టరు చీటీ రాసి చేతికిచ్చినా నేను వెంటనే లేవను. "ఇంకో మాట ఉన్నది డాక్టరు గారూ, మా ఇంట్ల శనివారం ఎట్ల గడుస్తదో చెప్పాలె" అంటాను. కొందరు గడియారం చూసుకుంటారు. నాకు మాత్రం చాప మీద కూర్చుని విన్న ఆ డాక్టరమ్మే కనిపిస్తుంది. చెప్పాల్సింది చెప్పాకే లేస్తాను.