తెనాలి బిళ్ళ

గుణదల కొండ కింద కాపురముండే అమలమ్మకి కోపమొస్తే అరవదు. దాచుకుంటుంది. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు కట్టి, సమయమొచ్చినప్పుడు విప్పుతుంది. శివపార్వతి మీద కోపాన్ని ఆవిడ అలాగే ఏడాదిపాటు ఊరబెట్టింది.

అమలమ్మ రంగూన్‌లో పుట్టి పెరిగిన మనిషి. అరవై నాలుగులో అక్కడి తెలుగువాళ్ళు ఓడలెక్కి వచ్చేస్తున్నప్పుడు బర్మా సర్కారు బంగారం తెచ్చుకోనివ్వలేదు. అప్పుడు పక్కింటి చీనా ముసలమ్మ ఇచ్చిన మాజాంగ్ పెట్టెను చీరల మధ్య దాచి తెచ్చుకుంది. పెట్టె నిండా ఎముకతో చేసిన ఆట బిళ్ళలు. "అందరూ అక్కణ్ణుంచి ఏవేవో తెచ్చుకుంటే మా ఆవిడ ఎముకలు తెచ్చింది" అని నవ్వేవాడు మొగుడు అంతోని. ఆయన ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే మేస్త్రీ. నవ్వితే నవ్వాడు గానీ, పుట్టిన ఊరు ఆవిడకి మిగిల్చిందల్లా ఆ పెట్టే.

అమలమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకోవడానికి భవానీపురం నుంచి వచ్చే ఇంజనీరుగారి భార్య శివపార్వతి కంట ఆ పెట్టె పడింది.

"ఇదేం ఆటే అమలమ్మా? మాకూ నేర్పకూడదూ?"

ఇంకేముంది, అమలమ్మ పొంగిపోయింది. వారం వారం భవానీపురం వెళ్ళి శివపార్వతికీ, ఆవిడ స్నేహితురాళ్ళు బాలసరస్వతికీ, త్రిపురసుందరికీ నేర్పింది. చీనా అక్షరాలు ఎవరికొచ్చి చచ్చాయి గనక! అందుకని దిక్కుల బిళ్ళలకు మన ఊళ్ళ పేర్లే పెట్టింది. తూర్పుది బందరు, పడమరది హైదరాబాదు, ఉత్తరానిది నూజివీడు, దక్షిణానిది తెనాలి. మూడేసి బిళ్ళల జట్లు నాలుగు, పైన ఒకేలాంటి బిళ్ళల జంట ఒకటి కుదిరితే ఆట, గెలిచినట్టే. కావలసిన ఆఖరి బిళ్ళను ఎదుటివాళ్ళు పారేసినా ఏరుకోవచ్చు. "బందరు వేశావా తల్లీ, నా కొంప ముంచావు పో!" అని త్రిపురసుందరి గోల పెడుతుంటే, వంటింట్లో పాలు పొంగిపోతున్నా ఎవరూ లేచేవారు కాదు. ఆ గోల వింటుంటే అమలమ్మకి రంగూన్ వరండాలో కూర్చున్నట్టే ఉండేది.

శివపార్వతికి ఒక్కటే పట్టింపు. తెనాలి బిళ్ళ చేతికొస్తే చాలు, "అమ్మో, యముడి దిక్కు!" అని గోటితో నెట్టేసేది. ఎదుటివాళ్ళు ఏం కూడబెడుతున్నారో కూడా చూసేది కాదు. "ఆటలో యముడేంటండీ" అని నవ్వేది అమలమ్మ.

"పెట్టె ఇక్కడే ఉండనీవే, అస్తమానం బస్సులో మోసుకు తిరుగుతావేం?" అంది ఒకరోజు శివపార్వతి. నిజమే కదా అని అమలమ్మ వదిలి వచ్చింది. పై వారం వెళ్ళేసరికి ఆవిడ కుర్చీలో ఎవరో ఆఫీసరుగారి భార్య కూర్చునుంది. శివపార్వతి బిళ్ళల మీంచి తలైనా ఎత్తలేదు.

"నలుగురం కుదిరిపోయాం అమలమ్మా. కావాలంటే కూర్చుని చూడు."

కూర్చుని చూడాలా! నేర్పిన మనిషి! తన బిళ్ళల ముందే! అమలమ్మ ఒళ్ళు భగ్గుమంది. పెట్టె ఇమ్మంటే, "ఎక్కడికి పోతుందిలే, మా ఇంట్లో భద్రంగానే ఉందిగా" అన్నారు. మళ్ళీ అడిగితే, "తర్వాత చూద్దాం" అన్నారు. ఆ తర్వాత ఆవిడ అడగలేదు.

గుడిలో పాపసంకీర్తనం చేసి తన కోపం ఒప్పుకుంటే, ఫాదర్‌గారు శివపార్వతిని క్షమించమన్నారు. "అలాగేనండి ఫాదర్, పెట్టె వచ్చాక" అంది. అంతోని వెళ్ళి గొడవ పెట్టుకుంటానన్నాడు. "నువ్వూరుకో, నే చూసుకుంటా" అంది. చుట్టుపక్కలుండే తెరేసమ్మనీ, ఎలిజబెత్‌నీ, ఆడబిడ్డ శౌరమ్మనీ కూర్చోబెట్టి, అట్టముక్కల మీద బొమ్మలు గీసి ఆట నేర్పింది. పేరుకి వాళ్ళకి నేర్పడం. అసలు సంగతి, తన చెయ్యి మొద్దుబారకుండా చూసుకోవడం.

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, మరుసటి వేసవిలో భవానీపురం నుంచే కబురొచ్చింది. ఆఫీసరుగారికి బదిలీ అయిందట, నాలుగో మనిషి లేదట, రమ్మని. అమలమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని వెళ్ళింది. కూర్చోకుండా నిలబడే అంది:

"ఆడతానండి శివపార్వతిగారూ. కానీ మొదటి ఆట నేను గెలిస్తే పెట్టె నాతో వచ్చేస్తుంది."

"ఓడితేనో?"

"ఇక దాని మాటెత్తను. మీదే."

శివపార్వతి పకపకా నవ్వింది. "ఏడాదిగా విడవకుండా ఆడుతున్న చేతులివి. సరే, కూర్చో."

అమలమ్మకి మంచి బిళ్ళలు పడలేదు. బాలసరస్వతి చకచకా జట్లు పరుస్తోంది. శివపార్వతికి ఇంకొక్క బిళ్ళ వస్తే అయిపోతుందని ఆవిడ మొహమే చెబుతోంది. అమలమ్మ, అనవసరంగా మాట ఇచ్చానా దేవుడా అనుకుంది. కిందా మీదా పడి నాలుగు జట్లు కుదుర్చుకుంది. ఇక జంట ఒక్కటే కావాలి. చేతిలో బందరు ఒకటి, తెనాలి ఒకటి ఉన్నాయి. ఒకటి వదలాలి. బందరు వదిలేసి తెనాలి ఉంచుకుంది.

శివపార్వతి వంతు వచ్చింది. బల్ల మీద పేర్చిన వరసలోంచి బిళ్ళ తీసింది. చూసి మొహం చిట్లించింది.

"ఛీ, యముడు!" అని గోటితో నెట్టేసింది.

అమలమ్మ దాన్ని నిదానంగా తీసుకుని, తన తెనాలి పక్కన పెట్టి, బిళ్ళలన్నీ వెల్లకిలా పరిచింది.

"ఆటండీ."

అమలమ్మ అన్నీ పెట్టెలో సర్దుకుంది. శివపార్వతి నెట్టిన ఆ ఒక్క తెనాలి బిళ్ళని మాత్రం బల్ల మీదే వదిలేసింది. "ఇది మీరు పారేసిందండీ. మీ ఇంట్లోనే ఉండనీండి" అని గుమ్మం దిగింది. దాని బదులు అంతోని టేకుముక్క చెక్కి ఇచ్చాడు.

ఇక చూడండి శివపార్వతి అవస్థ! యముడు ఇంట్లో తిష్ఠ వేశాడు. ముట్టుకోవడానికి భయం, బయట పారేస్తే ఏమవుతుందోనని ఇంకా భయం. ఆవిడకి తిండి సయించలేదు. వచ్చి తీసుకుపొమ్మని అమలమ్మకి కబురు పెట్టింది.

"నాకు ఖాళీ లేదు. ఆవిడనే తెచ్చి ఇమ్మనండి" అంది అమలమ్మ, హాయిగా.

చివరికి ఆవిడే వచ్చింది. పసుపుగుడ్డలో చుట్టిన బిళ్ళని, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని, గుణదల దాకా రిక్షాలో వచ్చింది. వరండాలో ఆట జోరుగా ఉంది. బిళ్ళల గలగల వినగానే ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. బిళ్ళ ఇచ్చేసినా కదల్లేదు.

"ఆడి ఎన్నాళ్ళయిందో అమలమ్మా..." అంది.

అమలమ్మ తలెత్తలేదు.

"నలుగురం కుదిరిపోయామండీ. కావాలంటే కూర్చుని చూడండి."

తెరేసమ్మ పీట వేసింది. శివపార్వతి కూర్చుంది. చూసింది.

ఆ శనివారం పాపసంకీర్తనంలో అమలమ్మ ఫాదర్‌గారికి అంతా చెప్పేసింది. పశ్చాత్తాపపడుతున్నావా అమ్మా అని ఆయన అడిగితే, అబద్ధమాడితే అదింకో పాపమవుతుందని ఊరుకుంది.