ఇమామ్ మేస్త్రీ అరికాళ్లు

కమలాపురంలో బండలు పరిచే మేస్త్రీలు చాలామందే ఉన్నారు. కానీ ఇమామ్ పరిచిన నేలంటే ఆ మాటే వేరు. రసమట్టం పెట్టేవాడు, దారం కట్టేవాడు, అయినా వాటిని పూర్తిగా నమ్మేవాడు కాదు. పని అయ్యాక చెప్పులు గడప బయట విడిచి, కళ్లు మూసుకుని ఇల్లంతా నడిచేవాడు. ఎక్కడైనా బండ అంచు వెంట్రుకవాసి లేచి ఉన్నా అరికాలు పట్టేసేది. అప్పటికప్పుడే పీకి మళ్లీ పరిచేవాడు. ఆయన పొగరంతా ఆ అరికాళ్లలోనే ఉండేది.

షుగర్ వచ్చి చాన్నాళ్లయింది. మాత్రలు ఒకరోజు వేసుకుంటే రెండ్రోజులు మానేసేవాడు. భార్య ముబీనా గొంతు చించుకున్నా నవ్వేసేవాడు.

"లోకంలో కోట్ల మందికి ఉండాదంట షుగరు. నేనొక్కణ్ణేనా?"

"కోట్ల మందికి ఉంటే నాకేమి? నాకుండే మొగుడు నువ్వొక్కడివే కదయ్యా!"

ఆ మాటకూ కరగలేదు మొండిఘటం. ఏం చెప్పమంటారు!

మొన్న ఎండాకాలంలో రాహేలమ్మ కొత్తింట్లో పని ముగిసింది. ఇమామ్ అలవాటుగా ఉత్తకాళ్లతో నడిచొచ్చి, "వెన్నపూస మాదిరి ఉండాది నేల" అన్నాడు. రాహేలమ్మ ఆయన వెనక్కి చూసి కెవ్వుమంది. లేత రంగు బండల మీద, నట్టింటి నుంచి గడప దాకా ఎర్రటి అడుగులు. లేచిన బండ అంచు ఒకటి బొటనవేలి కింద చీరేసింది. ఆయనకు తెలియనే తెలియలేదు.

ఆస్పత్రిలో నర్సమ్మ కట్టు కట్టి, పక్కనున్న ముబీనాను చూపించింది. "కళ్లు మూసుకోప్పా. ఈయమ్మ నీ రెండో కాలు పట్టుకుంటాది. పట్టుకోంగానే చెప్పు" అంది. ఇమామ్ కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి విసుక్కున్నాడు.

"ఏమ్మే, ఇంకా పట్టుకోవేమి?"

కళ్లు తెరిచేసరికి పాదాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని ముబీనా ఏడుస్తోంది. అంత పొగరుబోతూ భోరుమన్నాడు.

"షుగరుకు అరికాళ్లు మొద్దుబారిపోయిండాయి. ఇంక చెప్పుల్లేకుండా నడిస్తే కాలే పోతాదప్పా" అంది నర్సమ్మ.

గాయం మానింది. ఇప్పుడు మాత్రలు మానడం లేదు. కానీ పనికి మాత్రం పోడు. "కాలు చెప్పకుంటే, నేల బాగుండాదని ఏ నోటితో చెప్పేది?" అని మూల కూర్చున్నాడు. చూసి చూసి ఒక పొద్దున ముబీనా ఆయన కాళ్లకు బూట్లు తొడిగి, రాహేలమ్మ ఇంటికి లాక్కుపోయింది. తన చెప్పులు గడప బయట విడిచి, కొంగు నడుముకు దోపి, కళ్లు మూసుకుని నడవసాగింది.

"నీకేం తెలుస్తాది మే?"

"నోర్మూసుకో. నీ అంత పొగరు లేదు గానీ, నాకూ కాళ్లుండాయి."

నట్టింట్లో ఆగింది. "ఈడ లేసిండాదయ్యా."

ఇమామ్ వంగి వేలితో తడిమాడు. ఆ బండే. పీకి మళ్లీ పరిచాడు. నాలుగు రోజులాగి వచ్చి, ఆమె దాని మీద నడుస్తుంటే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఎట్లుండాది?"

"వెన్నపూస మాదిరి ఉండాది."

ఇప్పుడు ఎవరింట పని ముగిసినా ముందు ముబీనా ఉత్తకాళ్లతో నడుస్తుంది, వెనకే బూట్లతో ఇమామ్. ఇంటికొచ్చాక ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని చూస్తుంది. ఆ కాసేపూ ఇమామ్ కళ్లు మూసుకోడు. ఆమె పట్టుకున్నట్టు చూస్తేనే కదా తెలిసేది.