వెనుక మెట్లు తీసేసిన రాత్రి

ముందే చెప్తున్నాను. ఇది అబద్ధమని తేలితే ఇక నాకు చాయ్ కూడా పోయకండి. నా కళ్లతో చూశాను. మా అన్న నయీం కూడా చూశాడు. నమ్మకపోతే నాకేం ఫికరు లేదు... కానీ మధ్యలో నవ్వొద్దు.

తొంభైల చివర్లో మాట. నల్గొండలో ఒక ఆర్కిటెక్టు సార్ దగ్గర డ్రాయింగులు గీసేదాన్ని. ఆఫీసుకు కొత్తగా కంప్యూటరు వచ్చింది. అందులో ఒక కొత్త రకం ప్రోగ్రాము. కాగితం మీద గీతలు గీయడం కాదు, బిల్డింగునే లోపల కట్టేయడం. గోడ పెడితే దాని ఎత్తు, మందం, పట్టే ఇటుకలు అన్నీ లెక్క చెప్పేది. ప్లానులో ఒక తలుపు తీసేస్తే మిగతా బొమ్మలన్నిట్లో దానంతట అదే పోయేది. "ఆడపిల్లకెందుకమ్మా గీ మిషన్లు" అన్నవాళ్ల ముందే పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆఫీసులో నాకు తప్ప ఎవరికీ రాదు.

తిరుమలగిరిలో ఒక సేటు ఫంక్షన్ హాలు కట్టిస్తున్నాడు. కింద వంటలు, పైన పెళ్లి, భోజనాలు. ముందొకటి, వెనుకొకటి మెట్ల దారులు పెట్టాను. ఒక సాయంత్రం సేటు ఆఫీసుకు వచ్చి స్క్రీన్ మీద వేలు పెట్టాడు.

"గీ ఎనక మెట్లు తీసెయ్యమ్మా. గా జాగల దుకాణాలకు రెండు మడిగెలు పడ్తయ్. కిరాయికిచ్చుకుంట."

"ముందర మెట్లు వంటింటి పక్కనే ఉన్నయ్ సేటు. మంట లేస్తే పైనోళ్లు ఎట్ల దిగుతరు?"

"శుభమా అని హాలు కడ్తాంటే ఏం మాటలమ్మా గవి!"

సార్ వైపు చూశాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "తీసెయ్ షాహీన్. పొద్దుగాల ప్రింట్లు ఇయ్యాలె." ఇద్దరూ వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అన్న బస్టాండులో డ్యూటీ దిగి నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చేదాకా నేను ఆఫీసులోనే ఉండాలి. చీకటి పడింది. కింద దుకాణాలు మూసేశారు. తిట్టుకుంటూనే... మెట్లు తీసేశాను. వాటి తలుపు తీసేసి గోడ కలిపేశాను. సేవ్ చేశాను.

కరెంటు పోయింది. బ్యాటరీ మీద కంప్యూటరు ఒక్కటే వెలుగుతోంది. కూ... కూ... అని బ్యాటరీ మోత.

పై అంతస్తు లోపల ఎలా కనిపిస్తుందో చూద్దామనుకున్నాను. హాల్లో కొలత తెలియడానికి అంతకుముందే మనుషుల బొమ్మలు పెట్టి ఉంచాను. నేనే చేసినవి. కొప్పు పెట్టుకున్న ఆడమనిషి, ఆమె చంకలో పిల్ల. చేతికర్రతో ముసలాయన. ఇంకొందరు. ఎవరికీ ముఖాల్లేవు. దూరం దూరంగా, అందరినీ వేదిక వైపు తిప్పి పెట్టాను.

హాలు ఖాళీగా ఉంది.

ఒక్కరూ లేరు... స్క్రీన్ మీద చూపును మెల్లగా హాలు వెనక్కి తిప్పాను. కంప్యూటరు లోపల గరగర... ఆగింది... మళ్లీ గరగర...

అక్కడున్నారు.

వెనుక గోడ దగ్గర. నేను తలుపు తీసేసిన చోట. ఒకరినొకరు ఒరుసుకుంటూ... అందరూ గోడ వైపు తిరిగి. ఆమె కొప్పు నా వైపు ఉంది. ముసలాయన కర్ర గోడకు ఆనుకుని ఉంది.

చెయ్యి జారి జరిపానంటారా? అందరినీ కలిపి జరిపితే మధ్య దూరాలు అలాగే ఉంటాయి. గుంపు కట్టరు. చంకలో పిల్లను తల్లి వైపు తిప్పి చేశాను నేను. ఇప్పుడా పిల్ల... తల్లి భుజం మీదుగా నా వైపు తిరిగి ఉంది.

తలుపు చప్పుడైంది. అన్న. టార్చి పట్టుకుని నా వెనుకకు వచ్చి వంగి చూశాడు.

"గీళ్లంత గోడ దిక్కు మొకం పెట్టి ఎందుకు నిలబడ్డరే?"

నేను జవాబు చెప్పేలోపు బ్యాటరీ అయిపోయింది. స్క్రీన్ ఆరిపోయింది. ఇద్దరం మెట్లు దిగి స్కూటరు దాకా పరుగెత్తాం.

పొద్దున సార్, సేటు చూస్తుండగానే కంప్యూటరులో ఆ ప్లాను తెరిచాను. బొమ్మలన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి. వేదిక వైపే చూస్తున్నాయి. రాత్రి సంగతి చెప్తే సేటు పగలబడి నవ్వాడు. "నిద్ర సాల్లేదు పిల్లకు" అన్నాడు సార్.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మెట్లు మళ్లీ పెట్టడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నవ్?"

"మెట్లు పెడ్తున్న సార్. అవి లేని ప్రింటు నా చేతుల నుంచి రాదు. కావాల్నంటే మీరే కూసోని తీయుండ్రి."

సేటు గొంతు చించుకున్నాడు. పనిలో నుంచి తీసేయమన్నాడు. సార్ స్క్రీన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు... చివరికి "ప్రింటు తీయమ్మా" అన్నాడు.

నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఆ రాత్రి నేను చూసిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మెట్లు మాత్రం కట్టించాను.