హాజరు పట్టీలో మూడు సంతకాలు

మా వైద్య కళాశాల పూర్వ విద్యార్థుల సదస్సులో హాజరు పట్టీ బాధ్యత నాదేనని తెలియగానే బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నవ్వు బొమ్మలు వరదలెత్తాయి. ఫోను వేడెక్కి నా చొక్కా జేబుకు జ్వరం తగిలింది. నూట రెండుకు తక్కువ ఉండదు. డాక్టర్ని, నాకు తెలుసు.

వాళ్లు నవ్వడానికి కారణం ఉంది. చదువుకునే రోజుల్లో ఒకరి బదులు ఇంకొకరి సంతకం పెట్టడంలో నన్ను మించినవాడు దక్కను పీఠభూమి మీద లేడు. పొద్దున ఎనిమిది గంటల క్లాసుకు లేవలేని వాళ్లందరి తరఫునా ప్రాక్సీ నేనే. సంతకానికి ఒక సమోసా. అయిదేళ్లలో నేను తిన్న సమోసాలను వరసగా పేరిస్తే, రాంగోపాల్‌పేట్‌లోని మా ఇంటి నుంచి సికింద్రాబాద్ స్టేషను దాకా వెళ్లి, ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని తిరిగొచ్చేవి.

సదస్సు నిర్వహణ అంతా మా బ్యాచ్‌లోని పిల్లల డాక్టరమ్మది. పట్టీ నా ముందు పెడుతూ ఆమె అన్నది: "నువ్వు కూసుంటే ఎవ్వడూ ఎగ్గొట్టడు. దొంగ సంతకం నీకు తెల్వకుండ ఇంకెవరికి తెలుస్తది?"

డాక్టర్లం రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలంటే, ఇలాంటి చోట కూర్చుని కొత్త పాఠాలు విన్నట్టు క్రెడిట్ గంటలు చూపించాలి. ఆ రోజు మూడు సెషన్లు, మూడు సంతకాలు. మూడూ ఉంటేనే గంటలు. అందరూ నిజంగా వచ్చారో లేదో చూడటానికి మెడికల్ కౌన్సిల్ తరఫున ఒక పరిశీలకుడు కళ్లద్దాలు ముక్కు చివర నిలబెట్టుకుని మూలన కూర్చున్నాడు. చీమ సంతకం పెట్టినా దాని ఆరు కాళ్లూ లెక్కపెట్టేలా ఉన్నాడు.

తొమ్మిదింటికి హోటలు లాబీలో సందడి మొదలైంది. మోకాళ్లు మార్చేవాళ్లు, గుండెకు స్టెంట్లు వేసేవాళ్లు, కిడ్నీలో రాళ్లు పగలగొట్టేవాళ్లు. విజిటింగ్ కార్డులు పెళ్లిలో అక్షింతల్లా కురిశాయి. మారేడ్‌పల్లిలో జ్వరాలూ దగ్గులూ చూసుకునే నాలాంటివాడికి ఆ ఒక్కరోజు పెళ్లికొడుకు మర్యాద. పేషెంట్లను పెద్ద డాక్టర్ల దగ్గరికి పంపేది మేమే కదా. గంటలో నా జేబుల్లోకి ఎన్ని కార్డులు చేరాయంటే, కూర్చుంటే గరగరమని చప్పుడు.

నేను మాత్రం ఒకడి కోసం చూస్తున్నాను.

వాడు సర్జన్. వాళ్ల నాన్న రైల్వే ఉద్యోగం మీద శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వాడు ఇప్పుడు తిరుమలగిరిలో ఉంటాడు. ఇన్నేళ్లయినా వాడి మాటలోంచి ఆ ఊరి యాస ఊడిపడలేదు. వాడివి రెండు విషయాలు మా బ్యాచ్‌లో ప్రసిద్ధి. ఒకటి నవ్వు. అనాటమీ హాల్లో వాడు నవ్వితే వేలాడే అస్థిపంజరం దవడ కూడా కదిలేదని చెప్పుకునేవాళ్లం. రెండోది సంతకం. మొదటి అక్షరం రైలింజనంత ఉండేది. దాని వెనక బోగీలు, చివర ఒక తోక. ఆ తోక పక్కవాడి గడిలోకి దూరి, కింది వాడి పేరు మీద నుంచి పోయి, పేజీ అంచున బ్రేకు వేసేది. ఆ సంతకం చేతికి రావడానికి నాకు నెల రోజుల సాధన పట్టింది. దానికి మాత్రం రెండు సమోసాలు తీసుకునేవాణ్ణి.

వాడు రాగానే, మూడు వారాలుగా వాడి కోసమే దాచిన జోకు వదిలాను. ఒక ముసలాయన నా క్లినిక్‌కు వచ్చి, "డాక్టర్ సాబ్, మీ మందుతోని దగ్గు మొత్తం బందయింది. గిప్పుడు నేనున్ననో పోయిన్నో తెల్వక పక్కింటోళ్లు పొద్దుగాల లేస్తూనే తలుపు కొడుతున్రు. జెర సగం దగ్గు వాపస్ ఇయ్యుండ్రి" అన్నాడని.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాడి ముఖం కదల్లేదు. "బాగుందిరా" అన్నాడు, రసీదు ఇచ్చినట్టు.

జోకులు చెప్పేవాడికి ఇంతకంటే అవమానం లేదు. నా మనసు అక్కడే కుప్పకూలింది. పెద్ద సర్జన్ అయ్యాడు, జ్వరాల డాక్టరు జోకులకు ఇప్పుడేం నవ్వుతాడులే అనుకున్నాను. అనుకున్నందుకు తర్వాత సిగ్గుపడ్డాను.

వాడు పెన్ను తీసుకుని, ఎడమ చేత్తో కాగితం అదిమిపట్టి సంతకం పెట్టాడు. ఇంజను లేదు, తోక లేదు. గడిలో ఒక మూలన నాలుగు ఆవగింజలు. మొదటి గింజ కంటే నాలుగోది చిన్నది.

"ఏందిరా, కాగితం మీద గింత కంజూసైనవు?" అన్నాను.

"వయసొచ్చింది కదరా" అని లోపలికి వెళ్లిపోయాడు.

మొదటి సెషన్ షుగరు వ్యాధి మీద. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. మా చదువు రోజుల్లో బస్సులో ఒక ఆట ఆడేవాళ్లం. ఎక్కే మనిషి నడక, ముఖం, గోళ్లు చూసి జబ్బు చెప్పాలి. ఓడినవాడు అందరికీ చాయ్ పోయించాలి. ప్రతిసారీ గెలిచేవాడు ఇప్పుడు నగరంలో పెద్ద నరాల డాక్టరు. ఆ రోజు మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. ప్రతిసారీ ఓడేవాడు మా సర్జన్. "తొంగిచూసే పని మీది, కోసి చూసే పని నాది" అనేవాడు. ఆ పాత ఆట నా బుర్రలో నేను పిలవకుండానే మొదలైంది. ఆపమంటే ఆగలేదు.

చాయ్ తర్వాత రెండో సంతకం. ఈసారి వాడి వెనక వరస కట్టారు. పెన్ను కాగితం మీద ఆగి, కదిలి, మళ్లీ ఆగింది. వెనక నుంచి ఎవడో అరిచాడు: "ఏం భాయ్, ఆస్తి రాసిస్తున్నవా?"

అందరూ నవ్వారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ముఖం మాత్రం అలాగే ఉంది.

భోజనాలకు వెళ్తుంటే కావాలనే వాడి వెనక నడిచాను. ఎడమ చెయ్యి మామూలుగా ఊగుతోంది. కుడి చెయ్యి ఒంటికి అంటుకుని, ఎవరో అప్పజెప్పిన సంచిలా వెంట వస్తోంది. అక్కడ బిర్యానీ హండీ మూత తీశారు. ఆ ఘుమఘుమకు ఆరో అంతస్తులో నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి దిగి ఉంటారు. నేను కళ్లు మూసుకున్నాను. వాడు ప్లేటు పట్టుకుని, "ఈ హోటలోడు మసాలా వెయ్యడం మానేశాడేట్రా? వాసనే లేదు" అన్నాడు.

నవ్వని ముఖం, ఊగని చెయ్యి, చిన్నబోయిన అక్షరాలు, తెలియని వాసన. బస్సు ఆటలో జీవితంలో మొదటిసారి నేను గెలిచాను. ప్లేటు తీసుకోకుండానే వరసలోంచి పక్కకు జరిగాను.

వాడి చేతుల్లో నెమ్మదిగా దిగుతున్న వణుకుడు జబ్బు అది. ఆ చేతులతోనే భోజనాల తర్వాత వాడు వేదిక మీద మేక పేగు కుట్టి చూపించాలి. చేతుల మీద కెమెరా, వెనక గోడంత తెర. అది కాదు అసలు భయం. సోమవారం వాడికి ఆపరేషన్లున్నాయి.

మెట్ల దగ్గరకు పిలిచాను.

"ఎన్ని దినాలైందిరా?"

"ఏటి ఎన్ని దినాలు?"

"వాసన పోయి."

వాడు నా వంక చూశాడు. "రెండేళ్లవుతాది. జలుబు అనుకున్నాను."

"చెయ్యి?"

కుడి చెయ్యి మెల్లగా ప్యాంటు జేబులోకి వెళ్లిపోయింది. "నాకు తెలీదేట్రా? నువ్వు చదివిన పుస్తకమే నేనూ చదివాను. నువ్వు ప్రాక్సీలతో పాసయ్యావు, నేను చదివి పాసయ్యాను. అంతే తేడా."

"మరి మనోనికి చూపెట్టినవా?" అన్నాను, నరాల డాక్టర్ని ఉద్దేశించి.

"పొద్దుటి నుంచి వాడి కంట పడకుండానే తిరుగుతున్నాను. వాడు చూస్తే పేరు పెట్టేస్తాడు. పేరు పెట్టేశాక ఇంకేటుంది?"

"సోమవారం ఎంతమందున్నరు?"

"ముగ్గురు. ఒకావిడికి పేగులో గడ్డ. నేనే చెయ్యాలని పట్టుబట్టి వచ్చింది. కత్తి పట్టుకుంటే వణుకు ఆగిపోతాదిరా, నిజం. పోయిన నెల ఒక్కసారే... ఒక ముడి మూడుసార్లు వెయ్యాల్సొచ్చింది. అసిస్టెంటు చూశాడు. చూసి, చూడనట్టు లైటు సర్దాడు."

తర్వాత వాడు గొంతు తగ్గించి అడిగాడు: "ఒరే, సాయంత్రం సంతకం నువ్వే పెట్టెయ్. అందరి ముందూ నేను మళ్లీ ఆ వరసలో నిలబడలేను. నా సంతకం నాకంటే నీకే బాగా వచ్చు కదా."

వచ్చు. ఆ ఇంజను, బోగీలు, పేజీ అంచున బ్రేకు, అన్నీ ఇప్పటికీ నా వేళ్లలో ఉన్నాయి. పరిశీలకుడి ముక్కు కిందే అర సెకనులో పెట్టగలను. ప్రాక్సీ అడిగినవాణ్ణి నేను ఏనాడూ కాదనలేదు.

"పెడత" అన్నాను. "మరి సోమవారం నాడు ఆమె కడుపుల ప్రాక్సీ ఎవరు పెడ్తరు?"

వాడి ముఖంలో కోపం కూడా కనపడలేదు. గొంతులో వినపడింది. "జ్వరానికి గోలీలు రాసుకునేవోడివి, నీకేటి తెలుస్తాదిరా? ముప్పై ఏళ్లు ఈ చేతులతో బతికాను."

"గందుకే చెప్తున్న."

వాడు హాల్లోకి వెళ్లిపోయాడు.

మూడో సెషన్. పళ్లెంలో మేక పేగు. దాన్ని పొద్దున రాంగోపాల్‌పేట్‌లో కొని స్కూటరు మీద తెచ్చింది నేనే. దారి పొడవునా సికింద్రాబాద్ కుక్కలన్నీ నాకు ఊరేగింపు చేశాయి. అది వేరే సంగతి. తెర మీద వాడి రెండు చేతులు కనిపించాయి, ఒక్కొక్కటి తలుపంత. సూది పట్టే పరికరం కుడి చేతిలోకి తీసుకున్నాడు. ఆ తెర మీద బొటనవేలు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఏదో పూస లెక్కపెట్టినట్టు కదిలింది.

వాడు పరికరాన్ని పళ్లెంలో పెట్టేశాడు.

"మొదటి వరసలో ఆ అమ్మాయి... నువ్వేనమ్మా. ఇలా రా. ఈ పూట నీ చేతులు నాకియ్యి" అన్నాడు.

ఆమె సర్జరీ పీజీ విద్యార్థిని. వచ్చి భయంభయంగా సూది పట్టుకుంది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె భుజం పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. "లాగొద్దు. దారం తనంతట తనే వస్తాది, రానియ్యి... అక్కడ ఆగు. పేగు రంగు చూడు. తెల్లబడితే నువ్వు గట్టిగా కట్టినట్టు. దానికీ ఊపిరాడాలి కదమ్మా." నలభై నిమిషాలు చెప్పాడు. వాడి ముప్పై ఏళ్ల పనితనం మాటలై ఆ అమ్మాయి వేళ్లలోకి దిగడం తెర మీద కనపడింది. చివరి ముడి పడ్డాక నీళ్లు పోసి చూశారు. చుక్క కారలేదు.

చప్పట్లు మోగాయి. ఎంత మంచి బోధన పద్ధతి అని నా పక్కవాడు మెచ్చుకున్నాడు. మూడో వరసలో నరాల డాక్టరు మాత్రం చప్పట్లు కొట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మా సర్జన్ వేదిక దిగి, తన పాత చోటికి కాకుండా నేరుగా వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. నరాల డాక్టరు వాడి మణికట్టు పట్టుకుని మెల్లగా వంచి, చాచి, మళ్లీ వంచడం చూశాను. తర్వాత మా సర్జన్ ఫోను తీసి ఎవరితోనో క్లుప్తంగా మాట్లాడాడు.

సాయంత్రం పట్టీ దగ్గర వరస లాబీ దాటి పోయింది. అందరికీ ఇళ్లకు పోయే తొందర. వాడు నా ముందు నిలబడి పెన్ను అందుకున్నాడు. పెన్ను కాగితం మీద ఆగింది. వెనక నుంచి గొణుగుడు షురూ అయింది.

నేను లేచి నిలబడి గొంతెత్తాను. "అరే, అందరు ఇటు ఇనుండ్రి! దగ్గు వాపస్ అడిగిన ముసలాయన కథ సగమే చెప్పిన."

ఆ కథకు మిగతా సగం లేదు. అక్కడికక్కడ పుట్టించాను. పక్కింటాయనకు ఒక అత్తగారిని ఇచ్చాను, అత్తగారికి ఒక కుక్కను ఇచ్చాను. కుక్క దగ్గు నేర్చుకుంది. దాన్ని చూడటానికి ఒక కానిస్టేబుల్ వచ్చాడు, అతనికీ దగ్గు అంటుకుంది. వరసంతా నా వైపు తిరిగి నవ్వుతోంది. కింద, నా మోచేతి పక్కన, ఒక పెన్ను తీరిగ్గా తన పని చేసుకుంటోంది. జీవితంలో ఎన్నో గొప్పలు కోశాను. పనికొచ్చింది అదొక్కటే.

పెన్ను మూత పెట్టిన చప్పుడు విని కథను ఆపాను.

"సోమవారం లిస్టు ఇంకొకాయనకి అప్పజెప్పాను" అన్నాడు వాడు మెల్లగా. "పొద్దుటే వీడి దగ్గరికి వెళ్తాను." నరాల డాక్టరు వాడి వెనకే ఉన్నాడు. "ఆ పేగు గడ్డ ఆవిడికి నేనే ఫోన్ చేసి చెప్పాలి. ఏటి చెప్పాలో..."

వాడు నా ముఖం చూసి, "కుక్క దగ్గడం బాగుందిరా" అన్నాడు. "పొద్దున్నదీ బాగుంది. నేను నవ్వాను. నీకు కనపడలేదంతే."

వాళ్లిద్దరూ వెళ్లాక పరిశీలకుడు వచ్చి పట్టీ తిరగేశాడు. ఒక గడి దగ్గర వేలు ఆగింది. క్రెడిట్ గంటల దరఖాస్తుతో జతచేసిన పాత రిజిస్ట్రేషన్ కార్డు జిరాక్సు తీసి పక్కన పెట్టాడు. అందులో రైలింజను నిండు వేగంతో పోతోంది.

"ఏంది సార్ ఇది? కార్డుల గింత పెద్దగుంది, ఈడ మూడు తావుల్ల చీమలున్నయ్. ప్రాక్సీ కొట్టినట్టున్నరు."

"కాదు" అన్నాను. "మూడూ ఆయనవే. నేను దగ్గరుండి చూసిన."

ఆయన కళ్లద్దాల మీద నుంచి నన్ను కాసేపు చూశాడు. నా ముఖంలో ఏం కనపడిందో తెలియదు. ఆ పేరు పక్కన టిక్కు పెట్టి పేజీ తిప్పాడు.