ఏడు బోర్ల తాత, నా సున్నం బాణాలు

ఆ రోజుల్లో (మరీ రాళ్లు కొట్టుకుని నిప్పు చేసుకున్న కాలం కాదు, ఏడెనిమిదేళ్ల కిందటి సంగతే) మా అనంతపురం వైపు పెద్దమనిషెవరైనా సైకిలు తొక్కుతూ కనిపిస్తే జనం జాలిపడేవారు. పెట్రోలుకు లేకనో, కొడుకు బండి ఎత్తుకుపోతేనో తప్ప మనిషి సైకిలెక్కడని వాళ్ల నమ్మకం. అట్లాంటి చోట, సెలవు దొరికితే చాలు కొండల మధ్య సైకిలు తొక్కడానికి డబ్బు కట్టి మరీ బెంగళూరు నుంచి జనం దిగుతారని చెప్పే కంపెనీలో నేను ఉద్యోగానికి చేరాను. అప్పుడే డిగ్రీ పాసయ్యాను. నా తెలివి మీద నాకు అపారమైన గౌరవం ఉండేది. దాన్ని పంచుకునేవాళ్లు ఇంకెవరూ లేకపోవడం వేరే విషయం.

కంపెనీ అంటే లేపాక్షిలో ఒక అద్దె గది, గోడకో పటం, ఒక మంచినీళ్ల క్యాను, మా సారు, నేను. సారు బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం వదిలేసి, ప్రకృతిని ప్రేమించడానికని మా ఎండలోకి వచ్చి పడ్డాయన. "మనకు ప్రశాంతమైన రోడ్లు కావాలమ్మా. లారీలు ఉండకూడదు, హారన్లు వినపడకూడదు. కొండలుండాలి, చరిత్ర ఉన్న ఊళ్లుండాలి" అన్నారు మొదటిరోజే. నాకు నవ్వాగలేదు. మా దగ్గర ప్రశాంతతకు కొదవా! వానల్లేక సగం ఊరు మూటాముల్లె సర్దుకుని బెంగళూరు పోయాక, ఆ రోడ్ల మీద హారను కొట్టడానికి మనిషి ఉండొద్దూ? మావాళ్లను బతుకుతెరువు కోసం అక్కడికి తోలడం, అక్కడివాళ్లను ప్రశాంతత కోసం ఇక్కడికి తెచ్చుకోవడం, ఇదన్నమాట మా వ్యాపారం.

"మూడు నెలలు చూస్తాను. మొదటి రైడు సాఫీగా జరిగిందా, నీ ఉద్యోగం పర్మనెంట్. లేదా, నీ దారి నీది" అని కూడా అన్నారు సారు. నా దారి ఎక్కడికి పోతుందో నాకు బాగా తెలుసు. కొత్తచెరువులో మా పెద్దమ్మకు ఫ్యాన్సీ షాపు ఉంది. గాజులూ రిబ్బన్లూ అమ్మడానికి నన్ను కూర్చోబెట్టుకోవాలని ఆమెకు ఎప్పట్నుంచో ఆశ. "స్టూలు గూడా తెచ్చి పెట్టినా పాపా, ఎప్పుడొస్తావ్?" అని వారానికోసారి ఫోను. మా నాయనైతే ఉద్యోగం సంగతి వినగానే ఒకటే ప్రశ్న వేశాడు: "సైకిళ్ల కంపెనీలో నీకేం పనమ్మా, పంచర్లు ఏస్తావా?" ఇక చూడండి నా పట్టుదల! ఆ స్టూలు మీద కూర్చోకుండా ఉండటం కోసం కొండనైనా తవ్వేదాన్ని.

లేపాక్షి నుంచి పెనుకొండ వైపు, పెద్ద రోడ్డు తగలకుండా, చిన్న చిన్న ఊళ్ల మీదుగా నలభై కిలోమీటర్ల దారి పట్టాను. స్కూటీ మీద. (అవును, సైకిలు దారిని ఒక్కసారి కూడా పెడలు తిప్పకుండానే ఖాయం చేసిన ఘనత నాది. స్కూటీ ఎక్కడా రొప్పలేదు గనుక 'స్వల్పమైన ఎత్తుపల్లాలు' అని రాసిచ్చాను.) చరిత్రకూ లోటు రానివ్వలేదు. ఒక ఊళ్లో సగం కూలిన బురుజు దొరికింది. ఇంకో ఊళ్లో కత్తి పట్టుకున్న వీరుడి బొమ్మ చెక్కిన రాయి దొరికింది, దానికి బర్రెను కట్టేసి ఉంచారు. ఈ రాయి ఎంత పాతది అని పాలు పిండుతున్న ఆమెను అడిగాను. "నేను కోడలుగా వచ్చేపాటికే ఉండాదిమ్మా" అంది. 'అతి ప్రాచీనం' అని రాసుకున్నాను.

కొండల మధ్యకు పోతే ఫోన్లో సిగ్నలు ఉండదు. అందుకని ప్రతి మలుపులోనూ రోడ్డు మీద సున్నంతో తెల్లటి బాణం గుర్తు వెయ్యమన్నారు సారు. రంగు వేస్తే ప్రకృతి నొచ్చుకుంటుందట. సరే, రైడుకు వారం ముందు కంపెనీ టోపీ పెట్టుకుని, మెడలో గుర్తింపు కార్డు వేలాడదీసుకుని, కొలత టేపు, కాగితాల అట్ట, సున్నం బకెట్టు తీసుకుని బయలుదేరాను. ఆ వేషంలో నాకు నేనే ఎంత ముచ్చటగా కనిపించానో చెప్పలేను.

బురుజు ఊరికి అవతల నాలుగు దారులు కలిసేచోట బాణం గీస్తుంటే, తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన ఒకరు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన్ను ఊళ్లో అందరూ ఏడు బోర్ల తాత అంటారట. ఏడు బోర్లు వేయిస్తే ఏడింట్లోనూ దుమ్మే లేచిందట. ఆ పేరుతో పిలిస్తే ఆయనకు కోపం లేకపోగా, నాకు తనను తాను అట్లాగే పరిచయం చేసుకున్నాడు. బాణాన్నీ నన్నూ కాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం మేడం, కాలవ సర్వేనా?"

ఇక్కడ నా గొప్పతనం చెప్పుకోవాలి. పక్క మండలం దాకా వచ్చి ఆగిపోయిన కాలువ ఎప్పుడో ఒకప్పుడు ఇటు వస్తుందని, దానికి ముందు సర్వేవాళ్లు సున్నం పట్టుకొస్తారని మావైపు పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. రైతు కూతుర్ని, ఎట్లా తెలియకుండా ఉంటుంది? కానీ పుట్టి బుద్ధెరిగాక నన్ను మేడం అన్న మొదటి మనిషి ఆయన. పైగా ఎండ. "ఆఁ, సర్వేనే తాతా" అన్నాను. (దారి కొలవడం సర్వే కాదా? కాదని ఎవరన్నారు? ఇట్లా ఆ పూటంతా నన్ను నేను సమర్థించుకున్నాను.) తాత మొహం వెలిగిపోయింది. పరుగున పోయి చెంబెడు మజ్జిగ, వేయించిన వేరుశెనక్కాయలు తెచ్చాడు. "ఇంగ ఎప్పుడు మొదలైతాదమ్మా?" అంటే, నోటినిండా కాయలతో, "ఆదివారం పెద్దోళ్లు వస్తారు తాతా. వాళ్లు చూడాల" అన్నాను. అదీ అబద్ధం కాదు. పన్నెండుమందీ నాకంటే పెద్దవాళ్లే.

ఆదివారం పొద్దున్నే పన్నెండుమంది తలలకు గిన్నెల్లాంటి టోపీలు బిగించుకుని బయలుదేరారు. ముందు సారు, వెనక స్కూటీ మీద నీళ్ల సీసాలతో నేను. నా 'స్వల్పమైన ఎత్తుపల్లాల' దగ్గర సగంమంది దిగి సైకిళ్లను తోసుకుంటూ నా వైపు చూసిన చూపులు ఇక్కడ రాయను. అయినా బురుజు దాకా బాగానే గడిచింది. ఫొటోలు తీసుకున్నారు. బర్రెక్కూడా తీశారు. ఆ తర్వాత నాలుగు దారుల దగ్గరికి వచ్చి, సైకిళ్లన్నీ టక్కున ఆగిపోయాయి.

నేను వేసింది ఒక్క బాణం. అక్కడ పదో పదిహేనో ఉన్నాయి. ఎడమకొకటి, కుడికొకటి, పొలం గట్టు మీదికొకటి, ఎవరి ఇంటి వెనక్కో ఇంకొకటి. వారం రోజుల్లో ఊళ్లో ప్రతి రైతూ తెల్లవారుజామునే లేచి, కాలువను తన చేను మీదికి తిప్పుకున్నాడన్నమాట! నా అసలు బాణం మీద ఎవరో పేడనీళ్లు కొట్టి కడిగేశారు. ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది, పసుపూ కుంకుమా బొట్లు పెట్టింది, కొండ కింద చేల వైపు చూపిస్తోంది. సారు మురిసిపోయారు. "బొట్లు కూడా పెట్టావా! నీలో కళ ఉందమ్మా" అంటూ సైకిలు అటే తిప్పారు. వెనకే పన్నెండుమందీ.

ఆ బాణం ఏడు బోర్ల తాత చేనికి చేర్చింది. గట్టు మీద ఊరు ఊరంతా నిలబడి ఉంది. డప్పులు మోగాయి. మెడల్లో బంతిపూల దండలు పడ్డాయి. టెంకాయ కొట్టి సారుకు హారతిచ్చారు. సైకిళ్లవాళ్ల ఆనందం చూడాలి! ఇదంతా కట్టిన డబ్బులో కలిపి ఉందనుకున్నారు వాళ్లు. సారు నా చెవి దగ్గర, "అద్భుతం. ప్రతి ఆదివారం ఇది పెట్టెయ్. రేపొచ్చి పర్మనెంట్ కాగితం తీసుకో" అన్నారు. పెద్దమ్మ స్టూలు నా కళ్లముందు నుంచి మాయమైపోయింది. నోరు మూసుకుని నిలబడితే చాలు. నాకు రాని పని అదొక్కటే అని మా నాయన అంటుంటాడు గానీ, ఆ రోజు బాగానే మూసుకున్నాను.

అప్పుడు తాత సారు చెయ్యి పట్టుకుని చేనిలోకి తీసుకుపోయాడు. "సార్, ఈడి నుంచే పోవల్ల కాలవ. ఎవురూ అడ్డం చెప్పకుండా దావ తీసి పెట్టినా, చూడండి."

చూశాను. పచ్చగా పూతమీదున్న వేరుశెనగ చేను. దాని నడుమ, ఈ చివర నుంచి ఆ చివరదాకా, బండి పట్టేంత వెడల్పున ఒక్క మొక్క లేదు. పీకిన మొక్కలన్నీ గట్టు మీద కుప్పగా పడి వాడిపోయి ఉన్నాయి. కొమ్మలకు కాయ కట్టే తెల్లటి లేత ఊడలు అప్పుడప్పుడే దిగి ఉన్నాయి. ఆ ఏడాది కురిసిందే రెండు వానలు. ఆ రెండు వానలకూ నిలిచిన పంట అది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సిగ్గు, భయం, ఏమిటో అన్నీ కలిసి వచ్చాయి. "తాతా, ఇది కాలవ సర్వే కాదు. వీళ్లు ఆఫీసర్లు కాదు. సైకిలు తొక్కేదానికి వచ్చినారు. బాణాలు వీళ్లకు దోవ తెలిసేదానికి ఏసినా. నన్ను మేడం అన్న్యావని సర్వే అని చెప్పినా" అని అందరి ముందూ వలవలా ఏడ్చేశాను. డప్పులు ఆగిపోయాయి. సారు మొహం చూసే ధైర్యం లేక నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

తాత మెల్లగా, "ముందే చెప్పింటే పొయ్యేది కదమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత సైకిళ్లవాళ్ల వైపు తిరిగి ఎగాదిగా చూశాడు. "అయితే వీళ్లని ఎవురూ తోల్లేదా? ఊరికే తొక్కుతాండారా?"

"ఊరికే కాదు తాతా. దుడ్లు కట్టి తొక్కుతాండారు."

"ఈ ఎండలో?"

"ఈ ఎండలోనే."

అంతే. ఊరంతా తమ కష్టం పక్కనపెట్టి వాళ్ల మీద జాలిపడిపోయింది. "అయ్యో, చదువుకున్నోళ్ల మాదిరే ఉండారే!" అని ఒకామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నువ్వు గమ్మునుండు, మజ్జిగ తాగు" అని తాత నన్ను కసిరి, ట్రాక్టరు తెమ్మని కేకేశాడు. వద్దు మొర్రో అంటున్నా వినకుండా సైకిళ్లన్నిటినీ, పన్నెండుమందినీ, మా సారునూ ట్రాలీలోకి ఎక్కించారు. పెద్ద పెద్ద స్పీకర్లలో సినిమా పాటలు మోగుతుండగా మా ప్రశాంతమైన రైడు లేపాక్షి నంది ముందర ముగిసింది. సారు దండ తీసి నా చేతిలో పెట్టి, "నీ దారి నీది" అన్నారు. ఆ వారమే స్టూలెక్కాను.

రెండేళ్లు గాజులమ్మాను. ఆ తర్వాత బ్యాంకు పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది, కూర్చుని కూర్చుని ఒళ్లూ వచ్చింది. కిందటి చలికాలం నేనే ఒక సైకిలు కొన్నాను. (నవ్వండి, ఫరవాలేదు. మా నాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.) ఒక ఆదివారం ఆ 'స్వల్పమైన ఎత్తుపల్లాల' మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, మూడుచోట్ల దిగి తోసుకుంటూ, నాలుగు దారుల దగ్గరికి చేరాను. మిగతా బాణాలేవీ లేవు. బొట్ల బాణం మాత్రం మల్లెపువ్వులా తెల్లగా ఉంది. తాత ఆ పక్కనే తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఇంకాస్త వంగిపోయి. నన్ను గుర్తుపట్టాడు.

"ఏం మేడం, నువ్వు గూడా దుడ్లు కట్టినావా?"

"లేదు తాతా. ఊరికే తొక్కుతాండా."

"అయితే బాగుపడినావులే."

కాలువ వచ్చిందా అని అడగబోయి ఊరుకున్నాను. చేను చూస్తే తెలుస్తోంది. "ఈ బాణం ఇంకా ఉంచినావే తాతా?" అన్నాను.

"ప్రతి ఉగాదికీ సున్నం కొడతా. నిజం సర్వేవోళ్లు వస్తే ఎతుక్కోకూడదు కదమ్మా" అంటూ లోపలికి పోయి బకెట్టు తెచ్చి నా ముందు పెట్టాడు. "చెయ్యి వణుకుతాండాది. కొస వంకరపోయింది, నువ్వు దిద్ది పో."

సైకిలు గోడకు ఆనించి, రోడ్డు మీద గొంతుక్కూర్చుని దిద్దాను. నిక్కచ్చిగా, ఆయన చేని వైపే. ఆ ఉద్యోగంలో నా చేతి మీదుగా పర్మనెంటు అయింది ఆ ఒక్క బాణమే.