పాటిదిబ్బలో పొయ్యి

ఈ కుడి అరచేతి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఆ రాత్రి సంగతి నాకంటే దీనికే బాగా తెలుసు. కల్లు తాగి చెబుతున్నానని అనుకునేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు. కాపలా పని మానేసి చాలా ఏళ్ళయింది కాబట్టి ఇక దాచేదేమీ లేదు.

గోదావరి మీద రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్న రోజులు. మా ఊరి మెరకలో పాటిదిబ్బ ఉంది కదా... చుట్టూ గుండ్రంగా మట్టికట్ట, అక్కడక్కడా నిలువు రాళ్ళు. ఎప్పుడో పాడుపడిన ఊరు. దాని మట్టి మంచి ఎరువని తాతల నాటినుంచి ప్రతి వేసవిలో బళ్ళకెత్తి నారుమళ్ళకి తోలుకునేవాళ్ళం. ఆ ఏడు రాజమండ్రి నుంచి ఒక దొర వచ్చాడు. పాత కుండపెంకులు ఏరాడు. ఒక రాతిగొడ్డలి చూపించి, ఇనుము ఎరగని మనుషులు కాపురమున్న చోటిది, ఇక తట్టెడు మట్టి కూడా కదలకూడదన్నాడు. హద్దురాళ్ళు పాతించి నన్ను కాపలా పెట్టాడు.

అంతకుముందు కార్తీకంలోనే నా భార్య వాంతిభేదితో పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఆకలీ వేసేది కాదు. మా ఇంట్లో పొయ్యి రాజుకోలేదు. రెండు పూటలా అన్నయ్య ఇంటినుంచే అన్నం వచ్చేది. రోహిణి కార్తెలో అన్నయ్య వచ్చి, ఒక్క బండి మట్టి వేస్తే తప్ప తన చవిటి మడిలో నారు బతకదన్నాడు. ఎలా కాదనను? తెలిస్తే నా పని ఊడుతుంది. ఊడితే ఊడనీ అనిపించింది, అంతే.

అమావాస్య. ఎద్దుల మెడగంటలు విప్పేశాం. ఇరుసుకి ఆముదం పట్టించాం. కట్ట తెగిన చోటునుంచి బండి లోపలికి తోలాం. అన్నయ్య పార వేస్తున్నాడు, నేను తట్టలకెత్తుతున్నాను. చర్... చర్... నడుము లోతు దిగాం. కింది మట్టి చల్లగా తగులుతోంది.

టక్...

రాయి. పక్కన ఇంకొకటి. వంగి చేత్తో తడిమాను. మూడు రాళ్ళు... పొయ్యి. మధ్యలో మెత్తగా బూడిద.

ఎద్దులు నెమరు ఆపేశాయి. దూరంగా అరుస్తున్న నక్క... అదీ ఆగింది.

బూడిదలోకి చెయ్యి పోనిచ్చాను. వేళ్ళు... అరచెయ్యి... మణికట్టు...

వెచ్చగా ఉంది.

కాలేంత కాదు. వంట ముగించి, నీళ్ళు చల్లకుండా వదిలేసిన పొయ్యిలా ఉంది. అప్పుడే... గంజి పొంగిన వాసన వచ్చింది.

రెండో చేత్తో అన్నయ్య చెయ్యి పట్టుకుని అందులో పెట్టాను. పరాయివాళ్ళ గుమ్మంలో నిలబడినట్టు మెల్లగా అన్నాడు.

"ఎవరో వండుకుంటున్నార్రా. మూసేద్దాం."

"మరి నీ నారో?"

"మూసెయ్యరా."

ఎత్తిన మట్టంతా తిరిగి పోశాం. ఖాళీ బండితో ఇంటికొచ్చాం. ఆ ఏడు అన్నయ్య నారు ఎర్రబారి చచ్చిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పంపడమూ మానలేదు.

పెంటకుప్పలో వేడి పుట్టదా, పాటిమట్టీ అంతే అంటారు మా కరణంగారు. అయ్యుండొచ్చు. మరి పైనున్న మట్టంతా ఎందుకు చల్లగా ఉంది? ఆ గంజి వాసన ఎక్కడిది? నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

భయం వేసిందా అని అడుగుతారు. వేసింది. బూడిద వెచ్చగా ఉన్నందుకు కాదు. అన్నయ్య లాగేదాకా నాకు చెయ్యి బయటికి తియ్యాలనిపించలేదు, అందుకు. ఆర్నెల్లుగా ఏదీ తగలని ఒంటికి ఆ రాత్రి తగిలింది అదొక్కటే.

తెల్లారి మా ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని, ఇదే చెయ్యి బూడిదలో పెట్టి చూశాను. చల్లగా ఉంది.